పదికాలాలు మన్నే ఆటల కంప్యూటరు

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక వస్తువును కొనడం వేరు, దానిని ఎంచుకోవడం వేరు. కొనడానికి ధనం చాలు. ఎంచుకోవడానికి వివేచన కావాలి. ఇంట్లోనే కూర్చుకొనే ఆటల కంప్యూటరుకు విడిభాగాలను ఏ ప్రాతిపదికపై ఎంపిక చేసుకోవాలో, ఏ భాగం ఎందుకు మన్నుతుందో, ఏ భాగానికి ఎందుకు త్వరగా కాలం చెల్లుతుందో వివరించడం, తద్వారా విద్యార్థులలో శాస్త్రీయ దృష్టినీ పొదుపు గుణాన్నీ పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఆ రెండు పనులలోనూ అంచనాలకు మించిన ఖర్చు ఎదురవుతుందనీ, ముందుచూపు కొరవడితే చిక్కులు తప్పవనీ ఆ సామెత భావం. ఈనాటి యువతీయువకులు ఆ జాబితాకు మూడో పనిని కూడా చేర్చుకున్నారు. అది సొంతంగా ఒక కంప్యూటరును కూర్చుకోవడం. వాడుకలో దీనినే 'అసెంబుల్డ్ కంప్యూటరు' అంటున్నాం. అందులోనూ ఆటల కోసం కూర్చుకొనే కంప్యూటరు సాధారణ కంప్యూటరు కన్నా ఖరీదైనది. మధ్యతరగతి కుటుంబంలో అది ఒక ఏడాది కళాశాల రుసుముతో పోటీపడే ఖర్చు. ఇంటర్మీడియట్‌లో కొన్న ఆ యంత్రం పట్టభద్రులయ్యే వరకు, వీలైతే మొదటి ఉద్యోగం దొరికే వరకు పనిచేయాలని తల్లిదండ్రులు ఆశిస్తారు. ఆ ఆశ నెరవేరడం, నెరవేరకపోవడం కొన్ననాటి ఎంపికపైనే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఆటకు అంత శక్తి ఎందుకు?

1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు 'స్పేస్‌వార్' అనే ఆటను రూపొందించారు. పి.డి.పి.-1 అనే కంప్యూటరు తెరపై రెండు చిన్న అంతరిక్ష నౌకలు ఒకదానినొకటి వెంటాడడమే ఆ ఆట సారాంశం. ఆ చుక్కలూ గీతలూ ఈనాడు వర్షంలో తడిసే వీధులుగా, గాలికి ఊగే అడవులుగా మారాయి. ఆ మార్పు వెనుక ఉన్న లెక్కను అర్థం చేసుకుంటే ఎంపికలో సగం పని పూర్తయినట్లే.

తెరపై కనిపించే బొమ్మ చిన్న చిన్న చుక్కల సముదాయం. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న తెరపై మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. 'నాలుగు కె' అని పిలిచే తెరపై అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలుంటాయి, అంటే 82,94,400. ఇది మొదటిదానికి సరిగ్గా నాలుగు రెట్లు. ఆట సాఫీగా సాగాలంటే సెకనుకు కనీసం 60 బొమ్మలైనా తెరపైకి రావాలని ఆటగాళ్లు కోరుకుంటారు. అప్పుడు ఒక్కొక్క బొమ్మను గీయడానికి యంత్రానికి దొరికే వ్యవధి సెకనులో వెయ్యో వంతును ప్రమాణంగా తీసుకుంటే 17 భాగాల కన్నా తక్కువే. సెకనుకు 144 బొమ్మలు కావాలంటే ఆ వ్యవధి 7 భాగాలకు తగ్గిపోతుంది.

కాబట్టి విడిభాగాల జాబితా రాసుకోవడానికి ముందే తెరను నిర్ణయించుకోవాలి. ఏ తెరపై, ఎంత వేగంతో, ఎలాంటి ఆటలు ఆడదలచుకున్నామో తెలియకుండా అంగడికి వెళ్లడం, కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టించుకోవడం వంటిది. 1080 తెరతో తృప్తిపడేవారికి 'నాలుగు కె' స్థాయి గ్రాఫిక్స్ కార్డు అనవసర భారం. చాప ఉన్నంతవరకే కాళ్లు చాచుకోవాలన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మన్నికకు మూడు ముఖాలు

కంప్యూటరు పనికిరాకుండా పోవడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది అరిగిపోవడం. ఫ్యాను ఇరుసు అరుగుతుంది, కెపాసిటరు ఎండుతుంది, ప్రాసెసరుకూ దాని కూలరుకూ మధ్య పూసిన లేపనం గట్టిపడుతుంది. రెండోది వెనుకబడిపోవడం. యంత్రం బాగానే ఉన్నా కొత్త ఆటలు దాని శక్తికి మించిపోతాయి. మూడోది ఆదరణ కోల్పోవడం. యంత్రానికి శక్తి ఉన్నా, దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీదారు ఇకపై భద్రతా నవీకరణలు ఇవ్వనంటాడు. అరిగిపోవడాన్ని నాణ్యతతో, శుభ్రతతో ఎదుర్కోవచ్చు. వెనుకబడిపోవడాన్ని భాగాల మార్పిడితో ఎదుర్కోవచ్చు. మూడోదాన్ని ఎదుర్కోవడానికి ముందుచూపు కావాలి. ఈ మూడింటినీ ఒక వాస్తవ ఉదాహరణతో పరిశీలిద్దాం.

2017 నాటి రెండు యంత్రాలు

2017 జనవరిలో ఇంటెల్ సంస్థ ఏడో తరం ప్రాసెసర్లను డెస్క్‌టాప్ కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. వాటిలో ఆటగాళ్లు మెచ్చినది నాలుగు కోర్లున్న కోర్ ఐ7-7700కె. అదే ఏడాది మార్చిలో ఏ.ఎం.డి. సంస్థ ఎనిమిది కోర్లున్న రైజెన్ ప్రాసెసర్లను ఏ.ఎం.4 అనే సాకెట్‌తో విపణిలోకి తెచ్చింది. కేవలం ఆటల వేగాన్ని కొలిస్తే ఆనాడు ఇంటెల్ ప్రాసెసరుదే పైచేయి. కొన్ననాటి వేగమొక్కటే ప్రమాణమైతే ఎంపిక సులభం.

అయితే కథ అక్కడితో ముగియలేదు. 2017 అక్టోబరులో ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లు వచ్చాయి. వాటి సాకెట్‌లోనూ పాతదానిలాగే 1151 స్పర్శబిందువులే ఉన్నా, అవి పాత మదర్‌బోర్డులపై పనిచేసేవి కావు. కొత్త మదర్‌బోర్డు కొనక తప్పేది కాదు. జనవరిలో కొన్నవారికి అదే బోర్డుపై ముందుకు సాగే దారి ఆ ఏడాదిలోనే మూసుకుపోయింది. ఏ.ఎం.4 సాకెట్ మాత్రం తరం తరువాత తరాన్ని స్వీకరిస్తూ వచ్చింది. 2022లో ఏ.ఎం.డి. తన తొలి ఏ.ఎం.4 బోర్డులకు సైతం 5000 శ్రేణి ప్రాసెసర్ల ఆదరణను అనుమతించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి ప్రాసెసరులో ఎల్3 క్యాష్ 96 ఎం.బి.; 2017 నాటి రైజెన్ 7 1800ఎక్స్‌లో అది 16 ఎం.బి. మాత్రమే. ఆటలకు ఎంతో మేలుచేసే ఆ మార్పు కోసం బోర్డు తయారీదారు ఇచ్చిన బయోస్ నవీకరణను ఎక్కించి, ప్రాసెసరును మార్చితే సరిపోయింది. బోర్డు, ర్యామ్, క్యాబినెట్ ఉన్నచోటే ఉన్నాయి.

ఇంతలో 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చింది. టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు దానికి అవసరం. మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో ఐ7-7700కె లేదు. తొలి తరం రైజెన్ కూడా లేదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ ఆదరణ ముగిసింది. రెండు యంత్రాలకూ ఒకే గండం ఎదురైంది. కాని ఏ.ఎం.4 బోర్డు ఉన్నవారు ప్రాసెసరు మార్చుకొని ఆ గండం గట్టెక్కారు. రెండోవారికి బోర్డునూ ప్రాసెసరునూ కలిపి మార్చుకోవడమో, లినక్స్ వంటి వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆశ్రయించడమో మిగిలింది. 2018లో వాల్వ్ సంస్థ విడుదల చేసిన 'ప్రోటాన్' ద్వారా విండోస్ ఆటలలో అనేకం లినక్స్‌పై కూడా నడుస్తున్నాయి కనుక ఆ దారి కూడా పూర్తిగా నిరాశాజనకం కాదు.

ఈ ఉదాహరణ ఏదో ఒక సంస్థను పొగడడానికో, మరొకదానిని తెగడడానికో చెప్పినది కాదు. ప్రాసెసరును కొన్నప్పుడు దానితోపాటు ఒక సాకెట్‌ను కూడా కొంటున్నామనీ, ఆ సాకెట్‌కు ముందున్న ఆయుష్షు ఎంతో విచారించాలనీ దీనివల్ల తెలుస్తుంది. 2022లో వచ్చిన ఏ.ఎం.5 సాకెట్‌ను 2027 వరకు, ఆ పైన కూడా కొనసాగిస్తామని ఏ.ఎం.డి. 2024లో ప్రకటించింది. ఇంటెల్ 2021లో తెచ్చిన ఎల్.జి.ఏ.1700 సాకెట్ మూడు తరాలకు ఉపయోగపడి, 2024లో ఎల్.జి.ఏ.1851కు చోటిచ్చింది. కొనబోయే నాటికి ఏ సాకెట్ తన జీవితకాలంలో ఏ దశలో ఉందో చూసుకోవడం తెలివైన పని.

పునాది భాగాలు

ఇంటికి పునాది, గోడలు ఒకసారే కడతాం. సున్నం, తలుపుల రంగు అప్పుడప్పుడూ మార్చుకుంటాం. కంప్యూటరులోనూ అటువంటి విభజన ఉంది. క్యాబినెట్, ఎస్.ఎం.పి.ఎస్., తెర, కీబోర్డు పునాది భాగాలు. ఇంటెల్ 1995లో రూపొందించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణాన్ని అనుసరించే బోర్డులూ క్యాబినెట్‌లూ ఈనాటికీ తయారవుతున్నాయి. అంటే మంచి క్యాబినెట్ రెండు మూడు తరాల బోర్డులకు ఆశ్రయమివ్వగలదు.

ఈ పునాది భాగాలలో అత్యంత కీలకమైనది, అత్యంత నిర్లక్ష్యానికి గురయ్యేది ఎస్.ఎం.పి.ఎస్. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఇది 12 వోల్టులు మొదలైన ఏకముఖ విద్యుత్తుగా మార్చుతుంది. యంత్రాంగం మొత్తానికి ఇదే గుండెకాయ. క్యాబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చే నాసిరకం ఎస్.ఎం.పి.ఎస్.లో అధిక వోల్టేజీ నుంచి, అధిక విద్యుత్ ప్రవాహం నుంచి, షార్ట్ సర్క్యూట్ నుంచి రక్షించే ఏర్పాట్లు సరిగా ఉండవు. అది పాడయ్యేటప్పుడు ఒంటరిగా పోదు. ఒక్కోసారి బోర్డునూ గ్రాఫిక్స్ కార్డునూ వెంటబెట్టుకొని పోతుంది. వెయ్యి రూపాయలు ఆదా చేయబోయి వేలకు వేలు పోగొట్టుకోవడమంటే ఇదే.

ఎస్.ఎం.పి.ఎస్. ఆయుష్షును ప్రధానంగా నిర్ణయించేవి అందులోని విద్యుద్విశ్లేష్య కెపాసిటర్లు. వాటిలోని ద్రవం వేడికి క్రమంగా ఆవిరవుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే కెపాసిటరు ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని ఇంజనీర్ల స్థూల సూత్రం. 2000 దశకం తొలి సంవత్సరాలలో లోపభూయిష్టమైన కెపాసిటర్లు ఉబ్బి, కారిపోయి ప్రపంచవ్యాప్తంగా ఎన్నో మదర్‌బోర్డులను పాడుచేశాయి. 105 డిగ్రీల ఉష్ణోగ్రతకు నిర్దేశించిన కెపాసిటర్లు వాడారా, తయారీదారు ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నాడు అన్నవి ఇక్కడ చూడవలసిన అంశాలు. మేలిరకం వాటికి ఏడేళ్లు, పదేళ్ల వారంటీ కూడా ఉంటుంది.

సామర్థ్యాన్ని లెక్కించుకోవడం కష్టం కాదు. ప్రాసెసరుకు 100 వాట్లు, గ్రాఫిక్స్ కార్డుకు 200 వాట్లు, తక్కిన భాగాలకు 50 వాట్లు అనుకుంటే మొత్తం 350 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు క్షణకాలం పాటు తన సగటుకు మించిన శక్తిని గుంజుకుంటుంది కాబట్టీ, ఎస్.ఎం.పి.ఎస్. సగం భారం వద్ద సమర్థంగా పనిచేస్తుంది కాబట్టీ ఇటువంటి యంత్రానికి 650 వాట్లది తగినది. ఇక '80 ప్లస్' ముద్ర విద్యుత్ పొదుపుకు సంబంధించినది. 350 వాట్లు అందించడానికి 80 శాతం సామర్థ్యం గలది గోడ నుంచి సుమారు 437 వాట్లు తీసుకుంటే, 90 శాతం సామర్థ్యం గలది 389 వాట్లే తీసుకుంటుంది. రోజుకు మూడు గంటలు ఆడేవారికి ఏడాదికి 53 యూనిట్లు మిగులుతాయి. అంతకన్నా ముఖ్యంగా, వృథా అయ్యే ఆ శక్తి అంతా వేడిగానే మారుతుంది గనుక, ఆదా అయిన ప్రతి వాటూ కెపాసిటరుకు ఆయుష్షు పోసినట్లే.

క్యాబినెట్ విషయంలో కళ్లు మోసపోవడం సులభం. రంగురంగుల దీపాలు, ముందు భాగమంతా అద్దం ఉన్న పెట్టె అంగడిలో ఆకర్షణీయంగా ఉంటుంది. కాని గాలి లోపలికి వచ్చే దారి లేని పెట్టె 'పైన పటారం, లోన లొటారం'. జాలీ ముఖం, తీసి కడుక్కోదగిన దుమ్ము వడపోత, ముందు నుంచి గాలి లోపలికి, వెనుక నుంచి బయటికి పోయే ఫ్యాన్ల అమరిక, ఇవే మంచి క్యాబినెట్ లక్షణాలు.

మారే భాగాలు

ప్రాసెసరు సాధారణంగా అరిగిపోదు. తగిన చల్లదనంలో, నిర్దేశించిన వోల్టేజీలో ఉంచితే అది తక్కిన భాగాలకన్నా ఎక్కువ కాలం జీవిస్తుంది. దానికి వచ్చే ప్రమాదం వెనుకబడిపోవడమే. ఆటల కోసమైతే ఆరు లేదా ఎనిమిది కోర్ల మధ్యస్థ ప్రాసెసరు చాలును. అగ్రశ్రేణి ప్రాసెసరుకు వెచ్చించే అదనపు ధనాన్ని దాచుకొని, నాలుగేళ్ల తరువాత అదే సాకెట్‌లో కొత్త ప్రాసెసరును కొనుక్కోవడం ఎక్కువ లాభదాయకం. దానిని చల్లబరచడానికి గాలితో పనిచేసే పెద్ద కూలరు మేలు. అందులో చెడిపోగలది ఫ్యాను ఒక్కటే. దానిని కొద్ది ఖర్చుతో మార్చుకోవచ్చు. ద్రవంతో పనిచేసే కూలరులో పంపు ఆగిపోవచ్చు, గొట్టాల గుండా ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా హరించుకుపోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు ఆటల కంప్యూటరులో అత్యంత ఖరీదైనది, అన్నింటికన్నా ముందుగా కాలం చెల్లేది. దానిని శాశ్వతమని భావించక, మధ్యలో ఒకసారి మార్చవలసిన భాగంగానే లెక్కలో రాసుకోవాలి. పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ ప్రమాణం తరాలు మారినా పాత కొత్తల పొత్తును నిలుపుకుంటూ వస్తున్నది. కొత్త కార్డు పాత బోర్డులో కూడా పనిచేస్తుంది. కార్డును ఎంచుకొనేటప్పుడు దాని సొంత స్మృతిని గమనించాలి. ఆట దృశ్యాలకు కావలసిన చిత్రపటాలు ఆ స్మృతిలోనే ఉంటాయి. అది చాలకపోతే కార్డుకు ఎంత వేగమున్నా బొమ్మ తడబడుతుంది. ఈనాడు దీర్ఘకాలం కోసం కొనేవారికి 8 జి.బి. ఇరుకు, 12 లేదా 16 జి.బి. మన్నికకు అనుకూలం.

ర్యామ్‌ను జంటగా కొనాలి. ఒకే పెట్టెలో వచ్చిన రెండు కడ్డీలు రెండు మార్గాలలో ఏకకాలంలో సమాచారాన్ని అందిస్తాయి. 16 జి.బి. కడ్డీలు రెండు, మొత్తం 32 జి.బి. చాలా ఏళ్లు సరిపోతుంది. డి.డి.ఆర్.5 రకంలో నాలుగు కడ్డీలు అమర్చితే వేగం తగ్గించుకోవలసి రావడం పరిపాటి. కనుక 'ఇప్పుడు రెండు, తరువాత మరో రెండు' అనే ఆలోచన కన్నా మొదటే సరిపడినంత కొనడం మంచిది. అయితే 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరిగిన తీరు చూస్తే, ధర అదుపులో ఉన్న వేళను కనిపెట్టడం కూడా ఎంపికలో భాగమేనని అర్థమవుతుంది.

ఎస్.ఎస్.డి.లోని కణాలపై రాసే పర్యాయాలకు పరిమితి ఉందని విని కొందరు భయపడతారు. ఒక టి.బి. డ్రైవ్‌కు 600 టి.బి. రాత పరిమితి ఉందనుకుందాం. రోజుకు 50 జి.బి. రాసినా ఏడాదికి 18 టి.బి. పైచిలుకు మాత్రమే అవుతుంది. పరిమితికి చేరడానికి ముప్పై ఏళ్లు దాటుతుంది. డ్రైవ్‌కు అసలైన శత్రువులు వేడి, ఆకస్మిక విద్యుదాఘాతం. ఏ డ్రైవ్ అయినా ఎప్పుడో ఒకప్పుడు చెడిపోవచ్చు గనుక చదువుకు సంబంధించిన దస్త్రాలకు వేరొక చోట నకలు ఉంచుకోవడమే నిజమైన రక్ష.

వేడి, దుమ్ము, విద్యుత్తు

విడిభాగాల గురించిన పుస్తకాలు, ప్రకటనలు ఎక్కువగా చలిదేశాల నుంచి వస్తాయి. తెలుగు నేలపై వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. గది వెచ్చగా ఉంటే యంత్రం లోపల అంతకన్నా వెచ్చగా ఉంటుంది. కాబట్టి ఇక్కడ కూర్చుకొనేవారు ఒక ఫ్యాను అదనంగా అమర్చుకోవడం, క్యాబినెట్‌ను గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచడం, నేలపై కాక బల్లపై పెట్టడం అవసరం. రెండు మూడు నెలలకొకసారి దుమ్ము దులపాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

విద్యుత్తు విషయంలో మొదట చూడవలసింది ఎర్తింగ్. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంతమాత్రాన ఎర్తింగ్ ఉన్నట్లు కాదు. క్యాబినెట్ లోహాన్ని తాకినప్పుడు వేళ్లు జిల్లుమంటే ఎర్తింగ్ లేదని అనుమానించి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. ఇది యంత్రానికే కాదు, మనిషి ప్రాణానికీ సంబంధించిన సంగతి. కరెంటు తరచుగా పోయే చోట తగిన సామర్థ్యం గల యు.పి.ఎస్. ఉండాలి. అది గంటల తరబడి ఆడుకోవడానికి కాదు. దస్త్రాలను భద్రపరచి యంత్రాన్ని సక్రమంగా ఆపడానికి.

కొనుగోలులో విచక్షణ

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ వీధి, బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు విడిభాగాలకు పేరుపొందిన విపణులు. ఎక్కడ కొన్నా కొన్ని జాగ్రత్తలు తప్పవు. పెట్టెపై ముద్ర చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడాలి. పెట్టెపైని క్రమసంఖ్య, లోపలి భాగంపైని క్రమసంఖ్య, రసీదులోని క్రమసంఖ్య ఒకటే కావాలి. రసీదు లేకుండా కొంత తక్కువకు ఇస్తామన్న మాటకు లొంగరాదు. రసీదు లేనిచోట వారంటీ గాలిలో దీపమే. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అన్న మాటను అంగడి మెట్ల దగ్గరే గుర్తుచేసుకోవాలి.

పాత భాగాలు కొనడం తప్పు కాదు. ఒక్కోసారి అదే ఉత్తమం. అయితే ఏది పాతది కొనవచ్చో తెలిసి ఉండాలి. ప్రాసెసరు, ర్యామ్, క్యాబినెట్ పాతవైనా నష్టభయం తక్కువ. ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం కొత్తదే కొనాలి. గ్రాఫిక్స్ కార్డు చరిత్రను విచారించాలి. గూఢ నాణేల గణన కోసం కొన్నేళ్ల పాటు లక్షలాది కార్డులు రాత్రింబవళ్లు పనిచేశాయి. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం ఆ పద్ధతిని విడిచిపెట్టడంతో వాటిలో అనేకం పాత సరకు అంగళ్లకు చేరాయి. విక్రేత ఎదుటే అరగంట ఆట ఆడి చూసి, ఉష్ణోగ్రతను గమనించి, ఆ తరువాతే సొమ్ము చెల్లించాలి.

ముగింపు

ఒక కంప్యూటరు ఎనిమిదేళ్లు మన్నితే కలిగే లాభం ఒక్క కుటుంబానికే పరిమితం కాదు. ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పోగుచేసింది. వాటిలో సక్రమంగా సేకరించి పునర్వినియోగానికి పంపినట్లు లెక్క తేలినవి 22.3 శాతమే. తక్కినవాటిలో కొంత భాగం ఊరి చివర కాలి పొగవుతున్నది. ఆ పొగను పీల్చేది తరచుగా కంప్యూటరును ఎన్నడూ ముట్టని పేదపిల్లలు. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమావళి తయారీదారులపై బాధ్యత మోపింది. కాని అన్నింటికన్నా మేలైన మార్గం వస్తువును వ్యర్థం కానివ్వకుండా వాడుకోవడమే.

మన తాతల కాలంలో నాగలి కర్రు అరిగితే కమ్మరి కొలిమిలో సాన పట్టించారు. బండి చక్రం విరిగితే వడ్రంగి చేత ఆకు మార్పించారు. బండినే పారేయాలన్న ఆలోచన వారికి రాలేదు. భాగాలుగా కూర్చిన కంప్యూటరు ఆ పాత విజ్ఞతకు కొత్త రూపం. తన యంత్రంలో ఏ భాగం ఏ పని చేస్తుందో ఎరిగిన విద్యార్థి దానికి యజమాని. ఎరుగనివాడు ప్రకటనలకు బానిస. ఆట ముగిసి, తెర ఆరిపోయిన తరువాత కూడా మిగిలే జ్ఞానం అదే.

కఠిన పదాలకు అర్థాలు

వివేచన : మంచిచెడులను విడమరచి చూసే శక్తి
ప్రాతిపదిక : ఆధారం
విపణి : అంగడి, మార్కెట్
ఏకాంతర విద్యుత్తు : దిశ మార్చుకుంటూ ప్రవహించే విద్యుత్తు
లోపభూయిష్టం : లోపాలతో నిండినది
విజ్ఞత : తెలివి, వివేకం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు సమగ్రంగా సమాధానాలు రాయండి.
1. కంప్యూటరు పనికిరాకుండా పోవడానికి గల మూడు కారణాలను 2017 నాటి రెండు యంత్రాల ఉదాహరణతో వివరించండి.
2. పునాది భాగాలకూ మారే భాగాలకూ గల భేదాన్ని తెలిపి, ఎస్.ఎం.పి.ఎస్. ప్రాముఖ్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. విడిభాగాల కన్నా ముందు తెరను ఎందుకు నిర్ణయించుకోవాలి?
2. తెలుగు నేలపై కంప్యూటరు మన్నికకు పాటించవలసిన జాగ్రత్తలేవి?
3. పాత భాగాలు కొనేటప్పుడు ఏయే విషయాలను గమనించాలి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'స్పేస్‌వార్' ఆట ఏ సంవత్సరంలో రూపొందింది?
2. కెపాసిటరు ఆయుష్షుకూ ఉష్ణోగ్రతకూ గల సంబంధం ఏమిటి?
3. విండోస్ 10కు సాధారణ ఆదరణ ఎప్పుడు ముగిసింది?

IV. వ్యాకరణాంశాలు
పదేళ్లు = పది + ఏళ్లు : ఇత్వ సంధి
యంత్రాంగం = యంత్ర + అంగం : సవర్ణదీర్ఘ సంధి
విద్యుదాఘాతం = విద్యుత్ + ఆఘాతం : జశ్త్వ సంధి
దీర్ఘకాలం : దీర్ఘమైన కాలం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

V. ప్రాజెక్టు పని
మీ ఇంట్లో గాని, కళాశాలలో గాని ఉన్న ఒక కంప్యూటరు భాగాల వివరాలు సేకరించండి. ప్రతి భాగానికి ఎదురుగా అది ఏ సంవత్సరంలో కొన్నదో, ఇంకా మార్చి వాడుకోవడానికి వీలున్నదో లేదో రాసి, తరగతి గదిలో చర్చించండి.